ఆరు పళ్ళేలు, ఆరు చీటీలు

నవంబరు 18

అక్కా,

మొన్న ఫోనులో రెండు నిమిషాలు గొంతు చించుకున్నాక నువ్వు "ఎవరండీ?" అన్నావు. అప్పుడే అనుకున్నాను, నీ చెవులతో లాభం లేదు, నీ కళ్ళనే నమ్ముకోవాలి అని. నా కోడిగీతలు నీకు కొత్త కాదు కదా.

సంగతేమిటంటే, డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం మా ఇంట్లో విందు పెడుతున్నాం. పెద్ద గుంపేం కాదు, ఆరుగురమే. డిపో మేనేజరుగారు, వాళ్ళావిడ, మా ఆయన, అత్తగారు, నేను, నువ్వు. నువ్వు అని రాశాను చూశావా, అంటే రాక తప్పదని అర్థం. జనవరిలో కొండదారి దూరపు రూటుకి డ్రైవరుని వేస్తారు. ఆ రూటు వస్తే ఈ సిటీ బస్సులో పొద్దస్తమానం క్లచ్చి తొక్కే బాధ తప్పుతుంది, జీతం కూడా మెరుగు. లిస్టులో ముగ్గురున్నారు. సంతకం మేనేజరుగారిది. ఆయన భోజనప్రియుడని డిపో అంతా చెప్పుకుంటారు.

నా వంట సంగతి నీకు తెలియనిది కాదు. పెళ్ళై పద్దెనిమిదేళ్ళయినా అన్నం వార్చేటప్పుడు దేవుడికి దండం పెట్టుకుంటాను. నువ్వేమో ఆస్పత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు రోజూ రెండు వందల పళ్ళేలు పంపిన మనిషివి. బయటి వంటమనిషిని పెట్టుకుంటే మేనేజరుగారి ముందు డాబు చేసినట్టుంటుంది. నువ్వైతే ఇంటి మనిషివి, పైగా ఊరికే వస్తావు.

వెనక గదికి సున్నం వేయించాం. రిటైరవుతున్నావు, జనవరి నెలాఖరుకి నీ క్వార్టరు ఖాళీ చేయాలి కదా. నా కుట్టుమిషను ముందు గదిలోకి మార్చేశాను. కిటికీ పక్కన నీ మంచం పడుతుంది, కొలిచి చూశాను.

అత్తగారికి కంటి ఆపరేషను బాగా జరిగింది. మరీ బాగా జరిగింది. ఇరవై ఏళ్ళుగా కనపడనివన్నీ ఇప్పుడు కనపడుతున్నాయట, కనపడినవన్నీ పైకి చదువుతున్నారు. అగ్గిపెట్టె, సబ్బు కాగితం, గోడ మీద నోటీసు, దేన్నీ వదలరు. నిన్న పక్కింటావిడ చేతిలోని రక్తపరీక్ష కాగితం వీధిలో నిలబడి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించారు. ఆవిడ మాతో మాట్లాడటం మానేసింది.

వెంటనే రాయి.

నీ బుడంకాయ

*

నవంబరు 25

బుడంకాయా,

నీ ఉత్తరం కూరగాయలు తరిగే బల్ల మీద పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఒక మూల తడిసింది, అంతే, చదవడానికి ఇబ్బంది లేదు.

వంటమనిషిని పెట్టుకుంటే డాబు, అక్కని పెట్టుకుంటే ఊరికే. బాగుంది. ఇంటికి పిలిచి ముందు కూర్చోమంటారా, గరిటె చేతికిస్తారా అని నేను అడగను. అలవాటైన చేయి, గరిటే ఇవ్వు.

వస్తాను. కాని ముందు రోగాలు రాయి, తర్వాత వంటలు చూద్దాం. నవ్వకు. నలభై దాటిన వాళ్ళు ఆరుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే కనీసం నాలుగు జబ్బులు కూర్చుంటాయి. మా పద్ధతి నీకు తెలుసు, చిన్నప్పుడు సెలవుల్లో వచ్చి చీటీలు నువ్వే అంటించేదానివి. పళ్ళెం మీద మూత, మూత మీద చీటీ, చీటీ మీద బెడ్ నంబరు, జబ్బు, పెట్టాల్సింది, పెట్టకూడనిది. చీటీ లేని పళ్ళెం నా వంటింటి గుమ్మం దాటదు. కొత్తగా వచ్చిన పిల్లలు వెనకాల నన్ను చీటీలమ్మ అంటారు. అననీ.

నేననుకున్నవి చెప్తాను. ముందు కూరగాయల సూపు. తర్వాత కోడిని నిదానంగా కాల్చి బంగాళాదుంపలతో పెడదాం. మెత్తటి రొట్టె, కొద్దిగా అన్నం. చివర్న చిన్న గిన్నెల్లో కస్టర్డు. కస్టర్డు గిన్నెల్లోనే గడ్డకట్టాలి, పెద్ద పాత్రలో చేసి గరిటెతో వేస్తే చూడటానికి బాగోదు. ఆరు గిన్నెలు ఒకే రకానివి నీ దగ్గర లేవు, నాకు తెలుసు, నేనే తెస్తాను.

గది సంగతి తొందరపడకు.

ఇక్కడ ఆవిరి బాయిలరు మళ్ళీ మొరాయించింది. దాని అరుపు నాకు తప్ప అందరికీ వినపడుతోంది.

అక్క

*

డిసెంబరు 2

అక్కా,

ముల్లు లేనిచోట కూడా వెతికి మరీ ముల్లు గుచ్చుకుంటావు నువ్వు. "ఊరికే" అన్నది ముద్దుకి అన్నాను. సరే, తప్పయింది, లెంపలు వేసుకున్నాను. నీకు బల్ల దగ్గర కుర్చీ ఉంది, అది కూడా మేనేజరుగారి ఎదురుగా.

గది సంగతి తొందరపడకు అంటే ఏమిటి? నీకు ఆ నైటు డ్యూటీ నర్సమ్మతో కలిసి అద్దెకు ఉండాలని ఉందేమో, ఉంటే తిన్నగా చెప్పు. సున్నం వేయించిన గోడలు నన్ను వెక్కిరిస్తున్నాయి. మా ఆయన అయితే రోజుకోసారి "వదిన ఎప్పుడొస్తుంది" అని అడుగుతున్నారు.

ఇదిగో నీ రోగాల జాబితా. మేనేజరుగారికి బీపీ, ఉప్పు తక్కువ. వాళ్ళావిడకి కారం తింటే కడుపులో మంట. అత్తగారికి ఉన్న పళ్ళు ఆరు, అందులో రెండు ఎదురుబొదురుగా లేవు. నాకు కోపం తప్ప ఏ జబ్బూ లేదు. నీ సంగతి నీకే తెలియాలి. మా ఆయనకి ఏమీ లేదు, రాయిలా ఉన్నారు. తీపి మాత్రం కాస్త తగ్గించు.

ఇంకో మాట. భోజనం సరిగ్గా ఏడింటికి మొదలవ్వాలి. ఏడూ పావు కూడా కాకూడదు. డ్రైవరు కదా, టైము పిచ్చి.

బల్ల మీదకి కొత్త గుడ్డ కుట్టాను. అంచు మూడుసార్లు విప్పి కుట్టాను, నువ్వు వచ్చి నాలుగోసారి విప్పకు.

నీ చెల్లెలు

*

డిసెంబరు 7

బుడంకాయా,

నర్సమ్మ కొడుకు దగ్గరికి వెళ్ళిపోయి ఏడాదైంది. నీకు రాశాను కూడా. గది సంగతి తొందరపడకు అన్నది, మీ అత్తగారిని ఒక మాట అడిగావో లేదోనని. నన్ను ఒకరి నెత్తిన పెట్టడం నాకిష్టం లేదు. పెట్టుకుంటానంటే సంతోషంగా వస్తాను. రాసేశాను, చాలా?

ఇప్పుడు అసలు సంగతి. ఏ జబ్బూ లేని మగవాడికి భార్య "తీపి కాస్త తగ్గించు" అని రాయదు. టైము పిచ్చి ఉన్న మనిషికి ఏడూ పావు పరవాలేదు. ఏడుకి తప్పి ఏడూ పావుకి తినకూడదంటే అది టైము పిచ్చి కాదు, సూది. నేను మూడో వార్డుకి పళ్ళేలు పంపేటప్పుడు రోజూ చూస్తాను, ముందు సూది, తర్వాత లెక్కగా అరగంటకి పళ్ళెం. పళ్ళెం ఆలస్యమైతే మనిషికి చెమట పడుతుంది, మాట తడబడుతుంది, ఆపైన పక్కకి ఒరిగిపోతాడు.

మరిదికి సూది వేస్తున్నారా? నాకు అబద్ధం రాయకు. రాస్తే పళ్ళెం తప్పు వండుతాను.

అక్క

*

డిసెంబరు 11

అక్కా,

ఈ ఉత్తరం కుట్టు షాపులో కూర్చుని రాస్తున్నాను. ఇకనుంచి నువ్వు కూడా షాపు చిరునామాకే రాయి. ఇంటికి రాస్తే అత్తగారు వాకిట్లోనే విప్పి పైకి చదువుతారు. ఆవిడకి కూడా తెలియదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ నీకు కూడా చెప్పలేదు.

పద్నాలుగు నెలలైంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్. సీసా నా కుట్టు సామాను డబ్బాలో, తడిగుడ్డలో చుట్టి దాస్తాను. ఇన్సులిన్ వాడేవాళ్ళకి బస్సు ఇవ్వరన్నది డిపో రూలు. మొన్నటి వైద్య పరీక్షకి ఆయన బదులు వేరే డ్రైవరు రక్తం ఇచ్చాడు.

ఇంకొకటి కూడా ఉంది. చెప్పకపోతే నా గుండె పగిలేలా ఉంది. వానాకాలంలో ఆయన బస్సు కాలిబాట ఎక్కిందని నీకు రాశాను, బ్రేకు ఫెయిలని. బ్రేకు కాదు అక్కా. ఆ రోజు మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. స్టాపు కనపడటం వరకు గుర్తుందట, ఆపైన కండక్టరు అరుపు గుర్తుందట. మధ్యలో ఏమీ లేదు. స్టాపులో నిలబడ్డ ఒకావిడ పాదం నలిగింది. స్కూల్లో ఆయాగా చేస్తుంది, ఇప్పటికీ కర్రతో నడుస్తోంది. రిపోర్టులో బ్రేకు అని రాశారు. డిపో మెకానిక్కుని మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆయన నోరు విప్పుదామనుకున్నారు, నేనే ఆపాను.

ఆ దూరపు రూటు వస్తే అన్నీ సర్దుకుంటాయి. టైముకి తినొచ్చు, మధ్యలో ఆగే చోట్లున్నాయి. ఇది నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. అమ్మ మీద ఒట్టు వేయి. వేస్తున్నానని రాయి.

నీ చెల్లెలు

*

డిసెంబరు 16

బుడంకాయా,

ఉత్తరం అందింది. మూడు రోజులు జవాబు రాయలేదు. రాయాలని కూర్చుంటే పప్పు అడుగంటింది, నా హయాంలో ఇది మొదటిసారి.

నాలుగు మాటలు అడుగుతాను. కొండదారి బస్సులో ఎంతమంది ఎక్కుతారు? ఆ దారిలో పక్కన కాలిబాట ఉంటుందా, లోయ ఉంటుందా? ఆయాకి ఎవరు చెప్పారు, బ్రేకు అని? మెకానిక్కుకి పిల్లలున్నారా?

మరిది మంచివాడు. నీ పెళ్ళప్పుడు చీటీలు అంటించిన నా వేళ్ళు చూసి, వదినా, ఈ జిగురు ఎప్పటికి వదులుతుంది అని అడిగిన మనిషి. ఆయనే మేనేజరుగారి దగ్గరికి వెళ్ళి చెప్పాలి. విందుకి ముందే చెప్పాలి. బస్సు తీసేసినా డిపోలో టికెట్ల కౌంటరు ఉంది, విడి సామాన్ల గది ఉంది, కంట్రోలు రూము ఉంది. అడిగితే ఏదో ఒకటి ఇస్తారు. చెప్పి పోగొట్టుకున్న ఉద్యోగం వేరు, దొరికి పోగొట్టుకున్న ఉద్యోగం వేరు.

వంట సంగతి. కస్టర్డు ఐదు గిన్నెలు చక్కెరతో, ఒకటి లేకుండా. చూడటానికి ఆరూ ఒకేలా ఉంటాయి, కాబట్టి చీటీలు తప్పవు. పళ్ళేలకి కూడా.

అక్క

*

డిసెంబరు 20

అక్కా,

ఒట్టు వేయమంటే లెక్చరు ఇచ్చావు.

నీకేం, చెప్పడం తేలిక. కౌంటరులో కూర్చుంటే ఏమొస్తుందో, మా అబ్బాయి హాస్టలు ఖర్చు ఎలా నడుస్తుందో, స్టీరింగు వదిలిన డ్రైవరు వీధిలో ఎలా తలెత్తుకుంటాడో నీకు తెలియదు. సంసారం ఉంటే తెలిసేది. ఆయన ఇరవై రెండేళ్ళు బస్సు నడిపారు, ఒక్కరోజు కన్ను మూతపడింది. ఒక్కరోజుని పట్టుకుని నువ్వు గోరంతని కొండంత చేస్తున్నావు. ఎవరూ చావలేదు.

ఆయనకి నీ ఉత్తరం చూపించలేదు. నువ్వు రాసింది చూపిస్తే లేచి వెళ్ళి చెప్పేస్తారు, ఆయన మెతక. నీకు తెలిసినట్టు కూడా ఆయనకి చెప్పలేదు.

చీటీలు వద్దు. ఇది ఆస్పత్రి కాదు, నా ఇల్లు. మేనేజరుగారి పళ్ళెం మీద జబ్బు పేరు అంటిస్తే ఎంత అసహ్యంగా ఉంటుందో ఆలోచించు. కస్టర్డుకి గుర్తు కావాలంటే ఐదు గిన్నెల మీద తలో ఎండుద్రాక్ష పెట్టు. ఎండుద్రాక్ష లేనిది ఆయనది. నాకు తెలుసు, నీకు తెలుసు, అంతే.

ఇష్టం లేకపోతే రాకు. నేనే ఏదో ఉడకేస్తాను.

చెల్లెలు

తరువాత రాస్తున్నది: పోస్టు చేయడానికి వెళ్ళి వెనక్కి వచ్చాను. సంసారం మాట కొట్టేద్దామనుకున్నాను, కాగితం చిరిగింది, అందుకే అలాగే ఉంచాను. ఇరవై తొమ్మిదో తేదీ మధ్యాహ్నం బస్సుకి రా. స్టాండులో ఉంటాను.

*

డిసెంబరు 24

చెల్లీ,

ఇరవై తొమ్మిదిన వస్తున్నాను. గిన్నెలు ఆరు, నా గరిటె, నా ఏప్రను, ఎండుద్రాక్షలు తెస్తున్నాను. కోడి ఒక రోజు ముందే కొని ఉంచు, లేతది చూడు. పాలు ఆ రోజు పొద్దున తాజావి కావాలి.

ఏడింటికి పళ్ళేలు బల్ల మీద ఉంటాయి. ఈ విషయంలో నీకు దిగులు అక్కర్లేదు.

అక్క

*

జనవరి 5

అక్కా,

ఒకటో తేదీ పొద్దున నేను లేచేసరికి నీ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టావు, గిన్నెలన్నీ తోమి బోర్లించావు. ఒక్క మాట చెప్పకుండా మొదటి బస్సుకి వెళ్ళిపోయావు. అప్పటికి నాకూ నీతో మాట్లాడే ఓపిక లేదు, కాబట్టి అది మంచిదే అయింది.

నీకు చెవులు వినపడవు కనుక ఆ బల్ల దగ్గర ఎవరెవరు ఏమన్నారో నీకు సగం తెలియదు. చెప్తాను, విను.

నువ్వు పళ్ళేలు తెచ్చి పెట్టావు. మూతల మీద చీటీలు చూశాను. వద్దని రాశాను. నీ దగ్గర ఎండుద్రాక్షలు కూడా ఉన్నాయి. అయినా ముప్పై ఏళ్ళ అలవాటు నీ చేతిని ఊరుకోనివ్వలేదు, కదా? మేనేజరుగారు తన చీటీ చూసుకుని, ఇది భలే ఉందే అని నవ్వారు. అత్తగారు కుర్చీలోంచి లేచి ఒక్కొక్కటీ పైకి చదవడం మొదలుపెట్టారు. ఒకటో నంబరు, బీపీ, ఉప్పు సగం. అందరూ నవ్వారు. రెండో నంబరు, కడుపులో మంట, కారం లేదు. మేనేజరుగారి భార్య చప్పట్లు కొట్టింది. మూడో నంబరు, పళ్ళు ఆరు, మెత్తగా. అత్తగారే పడీపడీ నవ్వారు. నాలుగు, కోపం, మిరియాలు నిషేధం. అది నాది. నేను కూడా నవ్వాను అక్కా, నవ్వుతూ ఆయన పళ్ళెం వైపు చేయి చాచాను. అందలేదు. నువ్వు దాన్ని అత్తగారి మోచేతి పక్కన పెట్టావు.

ఐదో నంబరు, డ్రైవరు, ఇన్సులిన్ రెండు పూటలా, చక్కెర లేదు, ఏడు దాటితే ప్రమాదం.

అదే గొంతుతో, అదే ఊపులో చదివేశారు ఆవిడ. చదివాక నవ్వుకోసం చుట్టూ చూశారు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు మళ్ళీ చదివారు, ఈసారి మెల్లగా, కొడుకు మొహం వైపు చూస్తూ.

మేనేజరుగారు చెంచా కింద పెట్టి, "ఎన్నాళ్ళనుంచి?" అన్నారు.

"పద్నాలుగు నెలలనుంచి సార్," అన్నారు ఈయన.

"వానాకాలంలో ఆ బ్రేకు..."

ఈయన తల వంచుకున్నారు. అంతే. ఆరో నంబరు, నీ చీటీ, చదవకుండానే ఉండిపోయింది. మేనేజరుగారి భార్య సూపు బాగుందని చెప్పింది. నీ కస్టర్డు ఆరు గిన్నెలూ ఎవరూ ముట్టుకోలేదు.

రెండో తేదీన పిలిపించారు. స్టీరింగు తీసేశారు. ఎంక్వయిరీ వేశారు, పాత రిపోర్టు మళ్ళీ తెరిచారు, రక్తం ఇచ్చిన అతని మీద కూడా వేశారు. అత్తగారు మూడు రోజులుగా దేన్నీ చదవడం లేదు, అద్దాలు తీసి అల్మరాలో పెట్టేశారు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టావని రాద్దామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆయన రాయనివ్వలేదు. "వదిన చేతి అలవాటు అది, పొరపాటున రాసేసింది, పెద్దావిడని ఏమీ అనకు" అంటున్నారు. పస్తులున్న మొహంతో నీ తరఫున మాట్లాడుతున్నారు.

అందుకే అడుగుతున్నాను. పొరపాటు జరిగిందని ఒక్క ముక్క రాయి. ఆయనకి చూపిస్తాను, అత్తగారికి చదివి వినిపిస్తాను. నాకు కోపం ఉంటుంది, పోతుంది, నాలుగో నంబరు జబ్బే కదా. వెనక గది అలాగే ఉంది. నెలాఖరుకి నువ్వు ఎక్కడికి పోతావు?

నీ బుడంకాయ

*

జనవరి 12

బుడంకాయా,

పొరపాటు అని రాయలేను.

ఒట్టు వేయమన్నావు, నేను వేయలేదు. నా ఉత్తరాలు ఉంటే తీసి చూసుకో. ఎండుద్రాక్షలు తెస్తానని రాశాను, తెచ్చాను. చీటీలు రాయనని ఎక్కడా రాయలేదు. చీటీలన్నీ పెద్ద అక్షరాల్లో రాశాను. నాలుగు చీటీలు నవ్వు కోసం రాశాను, మీ అత్తగారు చదవడం మొదలుపెడితే మధ్యలో ఆపరని. ఐదోది ఆవిడ మోచేతి పక్కన పెట్టాను, నీ చేతికి అందకుండా. ఆ బల్ల మీద ఏ పళ్ళెం ఎక్కడ ఉండాలో మూడు రోజులు ఆలోచించాను. నా చేతికి అలవాటు ఉన్న మాట నిజమే, పొరపాటు చేసే అలవాటు లేదు. ఒక్కసారే చేశాను.

ఆ ఒక్కసారి సంగతి చెప్తాను. నువ్వు తప్ప చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ట్రాలీ మీద రెండు చీటీలు తడిసి ఊడిపోయాయి. పైకి వెళ్ళి అడగడానికి బద్ధకించి, గుర్తున్నట్టే మళ్ళీ అంటించాను. ఏడో నంబరు బెడ్డు చీటీలో "ఏమీ పెట్టరాదు" అని ఉండాలి. ఆయనకి గంటలో ఆపరేషను. వడ్రంగి పని చేసే మనిషి, పళ్ళెం ముందుకొస్తే తినమన్నారనుకున్నాడు, శుభ్రంగా తిన్నాడు. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. బల్ల మీదనుంచి లేవలేదు.

మా పెద్ద వంటవాడు మంచివాడు, మరిది లాగే. నన్ను కాపాడాలని, బంధువులు బయటి తిండి పెట్టారని రాయించాడు. ఆ వడ్రంగి భార్య మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పట్టుకుని అడిగేది, నేనే పెట్టానా, నిన్న సాయంత్రం రెండు బిస్కెట్లు ఇచ్చాను, దానివల్లేనా అని. నేను ట్రాలీ తోసుకుంటూ ఆమె పక్కనుంచే వెళ్ళాను. ఆమె నా కొంగు పట్టుకుని కూడా అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను.

ఎందుకు చెప్పలేదంటావా? నీకు అప్పుడు పదేళ్ళు, అమ్మ లేదు. ఉద్యోగం పోతే నీ చదువు, నీ తిండి. నువ్వు అబ్బాయి హాస్టలు అని రాసినప్పుడు నాకు నా మాటలే నీ చేతిరాతలో కనపడ్డాయి. సంసారం లేకపోవడం వల్ల తెలియదన్నావు. తెలుసే. నిన్ను పెంచింది ఆ అబద్ధంతోనే. ఆ మెట్ల మీది మనిషి బతికి ఉంటే ఇప్పటికీ ఆ బిస్కెట్ల సంగతి ఆలోచిస్తూ ఉంటుంది. ఆయా కర్ర పట్టుకుని బ్రేకుని తిట్టుకుంటోంది. మెకానిక్కు తన చేతులు తనే చూసుకుంటూ ఉంటాడు, ఎక్కడ తప్పు చేశానా అని.

మేనేజరుకి పేరులేని ఉత్తరం రాయొచ్చు. అది నాకు చేతకాలేదు. ఎవరి మీద చీటీ వేస్తే వాళ్ళ ఎదురుగా నిలబడి వేయాలనుకున్నాను. మరిది తల వంచుకోవడం చూశాను. వినపడకపోయినా చూశాను. అది చూశాక పొద్దున్నే మీ మొహాలు చూసే ధైర్యం లేకపోయింది.

గదికి సున్నం వేయించి, మంచం పట్టే చోటు కొలిచావు. ఆ గదిలో ఉండాలని నాకు ఎంత ఆశగా ఉండేదో నీకు తెలియదు. ఆ చీటీ రాసేటప్పుడు ఏం పోతుందో నాకు తెలుసు. ఇక్కడ లాండ్రీ ఆవిడ ఇంటి మేడ మీద ఒక గది ఉంది, మెట్లు ఎక్కువ, సర్దుకుంటాను.

మరిదికి ఈ ఉత్తరం చూపించు. మీ అత్తగారిని పైకి చదవమను.

అక్క

*

జనవరి 19

అక్కా,

చూపించలేదు. ఉత్తరం షాపులోనే ఇస్త్రీపెట్టె నిప్పుల్లో వేశాను.

పొరపాటయిందని, ఏడుస్తూ రాశావని ఆయనకి చెప్పాను. నేను ముందే చెప్పానుగా అన్నారు. అత్తగారు నీ మీద జాలిపడి మళ్ళీ అద్దాలు పెట్టుకున్నారు. ఎంక్వయిరీలో ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. మెకానిక్కు ఇంటికి వెళ్ళి వచ్చారు, ఆయా ఇంటికి కూడా. ఏమన్నారో నాకు చెప్పలేదు. ఉద్యోగం ఉంటుందో లేదో వచ్చే నెల తెలుస్తుంది. పద్నాలుగు నెలలుగా పక్క మీద దొర్లే మనిషి, ఇప్పుడు పడుకోగానే గురక పెడుతున్నారు. "వదిన చేయి జారకపోతే నేను ఎప్పటికీ నోరు విప్పేవాడిని కాదు" అని నిన్న అన్నారు. వెనక గదిలో బల్బు మార్చారు, నువ్వొస్తావని.

నువ్వు రావు. లాండ్రీ ఆవిడ నిన్ను వదలడం లేదని నేనే చెప్తాను. ఆయన క్షమించారంటే నీ చేయి జారిందనుకుంటున్నారు కాబట్టి. నాకు తెలుసు కాబట్టి నేను క్షమించలేను. నువ్వు చేసింది తప్పని కూడా అనలేకపోతున్నాను, అందుకు ఇంకా కోపంగా ఉంది. నువ్వు ఆ గదిలో ఉంటే రోజూ ఆయన చేత నీకు అన్నం పెట్టించి, రోజూ ఈ అబద్ధం ఆడాలి. నాకంత ఓపిక లేదు.

నిప్పుల్లో వేసే ముందు వడ్రంగి భార్య సంగతి మళ్ళీ చదివాను. నా చదువు కోసమన్నావు. ఆ మాట రాయకుండా ఉండాల్సింది.

కుట్టు షాపు మానేశాను. సోమవారం నుంచి బట్టల ఫ్యాక్టరీలో పూర్తిరోజు పని. అక్కడ పనివాళ్ళ పేర వచ్చిన ఉత్తరాలు గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. ఇక రాయాలంటే ఇంటికే రాయాలి. ఇంటికి రాయకు అక్కా. అత్తగారు పైకి చదువుతారు.

బుడంకాయ